పక్క తడపడంలోనూ నాన్న పోలికేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి ఎనిమిదేళ్ళు. చదువులో, ఆటల్లో చురుకైనవాడే. కానీ వారంలో నాలుగైదు రాత్రులు పక్క తడిపేస్తాడు. చిన్నప్పటి నుంచీ ఇంతే, వరసగా ఒక నెల పొడిగా ఉన్నది లేదు. పగలు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. నా భార్య మొదట్లో ఓపికగానే ఉండేది, ఇప్పుడు విసిగిపోయింది. "ఇంత ఎదిగావు, లేచి వెళ్ళడానికి ఒళ్ళు బద్ధకమా?" అని పొద్దున్నే మొదలవుతుంది. "మా ఇంట్లో ఎవరికీ ఈ అలవాటు లేదు, వీడికెక్కడి నుంచి వచ్చిందో" అని నా ముందే అంటుంది. నేను మాట్లాడను. ఎందుకంటే పదకొండేళ్ళు నిండేదాకా నేనూ తడిపేవాణ్ణి. ఆ సంగతి మా అమ్మకు తప్ప ఇప్పుడు ఎవరికీ తెలియదు. పెళ్ళయి పదేళ్ళయినా నా భార్యకు చెప్పలేదు. పోయిన వారం బాబు తడిసిన దుప్పటిని ఉండచుట్టి మంచం కిందకి తోసేశాడు. నేనూ సరిగ్గా అక్కడే దాచేవాణ్ణి. అది చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను. ఇది నా నుంచే వచ్చిందా? మాకు మూడేళ్ళ పాప కూడా ఉంది, దానికీ వస్తుందా? నాకు మందూమాకూ లేకుండానే తగ్గింది కదా, వీడినీ అలా వదిలేయవచ్చా? ఇంట్లో చెప్పమంటారా? (పేరు వేయవద్దు)

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు సూటిగానే చెబుతాను. చాలావరకు మీ నుంచే వచ్చి ఉంటుంది. మిమ్మల్ని ఊరడించడానికి కాదని చెప్పవచ్చు గానీ, అలా చెబితే నష్టం మీ బాబుకే. మీ ముక్కు వాడికొచ్చింది, మీ ఉంగరాల జుట్టు వచ్చింది అంటే మురిసిపోతారు కదా, ఇదీ ఆ మూటలోదే. ఆ మూటలో ఏం కట్టివ్వాలో మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీకు కట్టిచ్చినవాళ్ళనూ అడగలేదు.

ముందుగా ఒక చిన్న సవరణ. మీ భార్య దీన్ని 'అలవాటు' అంటున్నారు. గోళ్ళు కొరకడం అలవాటు. వద్దంటే కష్టపడైనా మానుకోవచ్చు, ఎందుకంటే అది మెలకువలో చేసే పని. నిద్రలో జరిగేదాన్ని మానేయమని ఎవరికి చెబుతాం? చెప్పేటప్పుడు వినేవాడు మేలుకుని ఉంటాడు, తడిపేటప్పుడు ఉండడు.

అయిదేళ్ళు నిండాక కూడా నిద్రలో పక్క తడుపుతుంటేనే వైద్యులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. అయిదేళ్ళ వయసులో నూటికి 15 నుంచి 20 మంది పిల్లలు తడుపుతారు. ఏడేళ్ళకు ఆ సంఖ్య పది దగ్గరికి, పదేళ్ళకు అయిదు దగ్గరికి దిగుతుంది. పెద్దయ్యాక కూడా నూటికి ఒకరి దాకా మిగులుతారు. మగపిల్లల్లో ఇది ఆడపిల్లల కంటే దాదాపు రెట్టింపు. మీ బాబు క్లాసులో నలభై మంది ఉన్నారనుకోండి, వాడు కాక ఇంకో ఇద్దరు ముగ్గురు ఆ పొద్దున తడి పక్క మీంచే లేచి వచ్చి ఉంటారు. ఒకడి సంగతి ఇంకొకడికి తెలియదు, అంతే.

ఇక వంశం లెక్క. అమెరికాలో హ్యారీ బాక్విన్ అనే పిల్లల వైద్యుడు 1973లో ప్రచురించిన అంకెల్ని మేమంతా ఇప్పటికీ తల్లిదండ్రులకు చెబుతుంటాం. అమ్మానాన్నలిద్దరూ చిన్నప్పుడు పక్క తడిపినవాళ్ళయితే వాళ్ళకు పుట్టిన నూరుమంది పిల్లల్లో 77 మంది తడిపారు. ఇద్దరిలో ఒక్కరే అయితే 44 మంది. ఇద్దరూ కాకపోతే 15 మంది. అంతకు రెండేళ్ళ ముందు ఆయనే కవలల్నీ చూశారు. ఒకే అండం నుంచి పుట్టి అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరు తడిపితే రెండోవారూ తడపడం నూటికి 68 జతల్లో కనిపించింది. మామూలు కవలల్లో అది 36 జతల్లోనే ఉంది. రెండు రకాల కవలలూ ఒకే ఇంట్లో, ఒకే అమ్మ పెంపకంలో పెరిగినవాళ్ళే. పెంపకమే కారణమైతే ఇంత తేడా రాకూడదు.

ఆ చివరి 15 అంకె మీద నాకో అనుమానం ఉంది. అది లెక్క మీద అనుమానం కాదు, మనుషుల మీద. "మా ఇద్దరిలో ఎవరికీ లేదు" అని చెప్పినవాళ్ళలో మీలాంటివాళ్ళు ఎందరున్నారో ఎవరు చూశారు? నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో చాలాసార్లు ఇదే జరుగుతుంది. మీ ఇళ్ళలో చిన్నప్పుడు ఎవరైనా ఇలా తడిపేవారా అని అడుగుతాను. తల్లి వెంటనే "లేదండీ, ఎవరికీ లేదు" అంటుంది. తండ్రి గోడ మీది క్యాలెండర్ చూస్తుంటాడు. వెనక కుర్చీలో కూర్చున్న నాయనమ్మ మాత్రం ఆగలేక "వీడు మాత్రం తక్కువ తిన్నాడా, అయిదో క్లాసు దాకా నాకు ఉతుకుడే సరిపోయింది" అనేస్తుంది. అప్పుడు పిల్లాడి ముఖం చూడాలి. అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నవాడు మొదటిసారి తలెత్తి నాన్న వంక చూస్తాడు. ఆ చూపు కోసమే నేను ఆ ప్రశ్నను పిల్లాడి ముందే అడుగుతాను.

పాప సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మీ లెక్క 44 దగ్గరిది, అదీ ఆడపిల్ల కనుక కాస్త తగ్గుతుంది. అంటే రాకపోవడానికే అవకాశం ఎక్కువ. పైగా మూడేళ్ళ పిల్ల రాత్రి తడిపితే అది ఎవరి పోలికా కాదు, వయసు. అయిదేళ్ళు నిండేదాకా దాని పక్క గురించి టెన్షన్ పడకండి.

ఇంతకీ మీ నుంచి వాడికి వచ్చింది ఏమిటి? పక్క తడిపే జబ్బు అని ఒకటి విడిగా ఉండదు. రాత్రంతా పొడిగా ఉండాలంటే శరీరంలో మూడు పనులు కుదరాలి. కొందరు పిల్లల్లో ఆ కుదురు ఆలస్యంగా వస్తుంది. కుటుంబాల్లో దిగివచ్చేది ఆ ఆలస్యమే.

మొదటిది మూత్రపిండాల పని. చీకటి పడ్డాక మన మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను పగటి కంటే ఎక్కువగా వదులుతుంది. నీళ్ళను బయటికి పంపకుండా ఒంట్లోకే వెనక్కి లాగమని అది మూత్రపిండాలకు చెబుతుంది. అందుకే ఏడెనిమిది గంటలు లేవకుండా పడుకోగలుగుతున్నాం, అందుకే పొద్దున మొదటిసారి వెళ్ళినప్పుడు చిక్కగా, పచ్చగా వస్తుంది. డెన్మార్క్‌లోని ఆర్హూస్ నగరంలో 1980లలో కొందరు వైద్యులు పక్క తడిపే పిల్లల్ని రాత్రంతా గమనించి, వాళ్ళలో చాలామందికి రాత్రిపూట ఈ హార్మోన్ పెరగడం లేదని కనిపెట్టారు. వాళ్ళ మూత్రపిండాలు రాత్రిని కూడా పగలే అనుకుని పనిచేస్తున్నాయన్నమాట.

రెండోది మూత్రాశయం, అంటే మూత్రం నిలవ ఉండే సంచి. కొందరిలో అది వయసుకు తగినంత పట్టదు, లేదా నిండకముందే ముడుచుకుంటుంది. మూడోది మెలకువ. సంచి నిండినట్టు కబురు వెళ్ళినా మెదడు లేవదు. మొద్దునిద్ర అని తిడతారు చూడండి, అది తిట్టు కాదు, కొలిచి చూసిన విషయం. కెనడాలో 1997లో వచ్చిన ఒక పరిశోధనలో నిద్రపోతున్న మగపిల్లల చెవుల్లో పెద్ద శబ్దాలు వినిపించి చూశారు. పక్క తడపని పిల్లలు పది ప్రయత్నాల్లో సుమారు నాలుగుసార్లు లేచారు. తడిపే పిల్లలు సుమారు ఒక్కసారే లేచారు. మీ భార్యకు ఏదైనా ఒక్క విషయం చెప్పాలనుకుంటే ఇది చెప్పండి. చెవి పక్కన మోత మోగినా లేవని పిల్లాడు తన పొట్టలోంచి వచ్చే చిన్న కబురుకు లేవలేదని కోప్పడుతున్నాం.

ఈ మూడింట్లో వాడిది ఏదో ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. ఇది నాకు ఇష్టమైన పని, పిల్లలకూ సరదాగా ఉంటుంది. కొలత గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి తీసుకోండి. సెలవు రోజు పొద్దుటి మొదటిసారి వదిలేసి, ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అందులో పోయమనండి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో వాడి చేతే కాగితం మీద రాయించండి. రెండు సెలవు రోజులు చేస్తే చాలు. వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తే ఆ వయసుకు సంచి పట్టాల్సిన కొలత వస్తుంది. మీ బాబుకి తొమ్మిది ముప్పైలు 270. వాడి రెండు రోజుల్లో అన్నిటికంటే పెద్ద అంకె 175 కూడా దాటలేదంటే సంచి చిన్నదని అనుకోవచ్చు. రాత్రి సంగతికి ఒక వారం డైపర్ వాడాలి. పొడిగా ఉన్నప్పుడూ పొద్దున తడిశాకా వంటింటి త్రాసు మీద తూచండి. పెరిగిన ప్రతి గ్రాము సుమారు ఒక మిల్లీలీటరు. దానికి పొద్దున లేవగానే పోసిన మొదటి మూత్రాన్ని కలపండి. మొత్తం 350 దాటుతుంటే రాత్రిపూట ఎక్కువ తయారవుతోందని అర్థం. ఈ రెండు కాగితాలు పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. స్కానింగుల కంటే అవే ఎక్కువ పనికొస్తాయి. డైపర్ అంటే వాడు చిన్నబుచ్చుకుంటాడనుకుంటే ఇది ప్రయోగం అని చెప్పండి, వారమే అని చెప్పండి, త్రాసు వాడికే ఇవ్వండి.

జన్యువుల మాట కూడా అడిగినట్టే ఉంది మీ ఉత్తరం. 1995లో డెన్మార్క్‌కే చెందిన హాన్స్ ఐబర్గ్ బృందం, తరతరాలుగా పక్క తడిపేవాళ్ళున్న కుటుంబాల రక్తం పరీక్షించి, 13వ క్రోమోజోమ్ (కణంలో జన్యువుల్ని మోసే పోగు) మీద ఒక చోటికి దీనితో సంబంధం ఉందని చూపింది. అప్పట్లో జన్యువు దొరికిపోయిందనే అనుకున్నారు. తర్వాత వేరే కుటుంబాల్లో వెతికితే 12వ దాని మీద ఒకచోట, 22వ దాని మీద ఇంకోచోట సంబంధం కనిపించింది. 2021లో అదే దేశంలో దాదాపు 3,900 మంది పక్క తడిపే పిల్లల్నీ, తడపని 31,000 మందినీ పోల్చి చూస్తే 6, 13 క్రోమోజోముల మీద బలమైన జాడలు కనిపించాయి. ఆ చోట్ల దగ్గరున్న జన్యువులు నిద్రతో, మూత్రం తయారీతో, సంచి పనితీరుతో సంబంధం ఉన్నవే. పైన చెప్పిన మూడు పనులూ మళ్ళీ ఇక్కడ తేలాయి చూడండి.

దీన్నిబట్టి ఇది ఒక్క జన్యువు చేసే పని కాదని తెలుస్తోంది. చిన్న చిన్న తేడాలు చాలా కలిస్తే ఒక పిల్లాడు తడుపుతాడు, అందులో ఒకటి రెండు తగ్గితే వాడి చెల్లెలు తడపదు. కనుక ఈ సమస్యకు జన్యు పరీక్ష చేయిస్తామని ఎవరైనా అంటే డబ్బు దండగ. ఫలితం ఏదొచ్చినా వైద్యం మారదు. మీరు ఆ ఉత్తరంలో రాసిన ఒక్క వాక్యమే, పదకొండేళ్ళ దాకా నేనూ తడిపాను అన్నదే, ప్రస్తుతానికి ఉన్న మంచి జన్యు పరీక్ష.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీకు పదకొండుకు తగ్గింది కనుక వాడికీ పదకొండుకు తగ్గుతుందా? ఆ గ్యారంటీ లేదు. తడిపే గుణం వచ్చినట్టు తగ్గే తేదీ కూడా రాసిపెట్టి రాదు. కాస్త ముందే పోవచ్చు, ఇంకా సాగవచ్చు. మందు లేకుండా తగ్గడం ఏటా నూటికి 15 మంది చొప్పున ఉంటుంది. ఎనిమిదేళ్ళ వయసులో తడిపే నూరుమందిని తీసుకుంటే తొమ్మిదికి 85 మంది, పదికి 72 మంది, పదకొండుకు 61 మంది మిగులుతారు. పైగా మీ బాబులా వారంలో నాలుగైదుసార్లు తడిపేవాళ్ళకు, అప్పుడప్పుడు తడిపేవాళ్ళ కంటే ఆలస్యంగా తగ్గుతుంది. మూడేళ్ళు ఊరికే చూస్తే సగం కంటే ఎక్కువమంది అక్కడే ఉంటారన్నమాట. ఆ మూడేళ్ళలో స్కూలు టూర్లు ఉంటాయి, చుట్టాలింట్లో పడుకోవాల్సిన రాత్రులు ఉంటాయి. అవన్నీ మీరు ఎలా తప్పించుకున్నారో మీకే తెలుసు.

వంశపారంపర్యం అనగానే మనవాళ్ళు "అయితే చేసేదేముంది, రాత" అని చేతులెత్తేస్తారు. మీ కళ్ళజోడు కూడా మీ నాన్నగారి పోలికే అయ్యుండవచ్చు. అలాగని చూపు దానంతటదే వస్తుందిలే అని అద్దాలు మానేశారా? కుటుంబంలో ఉన్నంత మాత్రాన వైద్యం పనిచేయకుండా పోదు.

నేనైతే మీ బాబుకి ముందు అలారం చెబుతాను. పైజామాకు తగిలించే చిన్న తడి గుర్తించే బిళ్ళ, దానికో మోగే పెట్టె. మొదటి చుక్కకే మోగుతుంది. దీని పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. 1904లో ఫాండ్లర్ అనే ఆస్ట్రియన్ పిల్లల వైద్యుడు వార్డులో పిల్లలు తడిపిన వెంటనే నర్సులకు తెలియాలని, గుడ్డలు మార్చడానికి వీలుగా, ఒక గంట ఏర్పాటు చేశాడు. నర్సుల సౌకర్యానికి పెట్టిన గంట కొన్నాళ్ళకు పిల్లల్నే మార్చింది, చాలామంది తడపడం మానేశారు. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాన్నే పద్ధతి ప్రకారం వైద్యంగా మలిచారు. ఇవాళ్టికీ మూడింట రెండొంతుల మందికి దీనితో తగ్గుతుంది. మానేశాక కొందరికి తిరగబెడుతుంది, మళ్ళీ పెడితే మళ్ళీ తగ్గుతుంది.

కానీ అలారం కొనిచ్చి మీరు నిద్రపోతే పని జరగదు. మొదటి వారాల్లో అది మోగితే ఇల్లంతా లేస్తుంది, మీ బాబు తప్ప. ఎందుకో పైన చెప్పాను. కనుక వాడి గదిలో మీరు పడుకోవాలి. మోగగానే వాణ్ణి పూర్తిగా లేపాలి. భుజాన వేసుకుని తీసుకెళ్ళడం కాదు, కళ్ళు తెరిచి, అలారం తానే ఆపి, తన కాళ్ళతో బాత్రూమ్‌కు నడిచి, మిగిలింది పోసి రావాలి. నాలుగైదు వారాలకు తడి మచ్చ చిన్నదవుతుంది. అదే మొదటి మంచి గుర్తు. పొడిగా లేచిన రోజుల్ని మాత్రమే లెక్కపెడితే ఆ మచ్చ చిన్నదవడం మీ కంట పడదు, చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. రెండు మూడు నెలలు పట్టవచ్చు. వరసగా 14 రాత్రులు పొడిగా గడిచాక తీసేయవచ్చు.

డైపర్ లెక్కలో రాత్రి మూత్రమే ఎక్కువని తేలితే, లేదా టూరుకు పంపాల్సి వస్తే డెస్మోప్రెసిన్ అనే మాత్ర ఉంది. తక్కువైన ఆ రాత్రి హార్మోన్‌కు నకలు అది. మూడింట ఒకవంతు మందికి పూర్తిగా, ఇంకొంతమందికి కొంతవరకు పనిచేస్తుంది. వేసుకున్నన్ని రోజులే గుణం. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మాత్రకు గంట ముందు నుంచి తర్వాత ఎనిమిది గంటల దాకా నీళ్ళు బాగా తగ్గించాలి. లేదంటే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఇదే కారణంగా ముక్కులో కొట్టుకునే డెస్మోప్రెసిన్ స్ప్రేను పక్క తడపడానికి వాడవద్దని 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. డాక్టర్ చూడకుండా ఈ మాత్ర వద్దు.

అర్ధరాత్రి లేపి తీసుకెళ్ళడం తప్పు కాదు, ఆ రాత్రికి పక్క పొడిగా ఉంటుంది, అంతకు మించి వాడికేమీ నేర్పదు. నీళ్ళు రోజంతా మాన్పించడం మాత్రం తప్పు. పగలు బాగా తాగాలి, పడుకోబోయే గంటా రెండు గంటల్లో తగ్గించాలి.

ఇంకొకటి. కుటుంబ చరిత్ర తెలిశాక ఒక ప్రమాదం ఉంది, అన్నిటికీ అదే సమాధానంగా కనిపిస్తుంది. మలబద్ధకం ఉంటే గట్టిపడిన మలం సంచిని నొక్కి పక్క తడిపిస్తుంది. మీ బాబు రెండు మూడు రోజులకోసారి వెళ్తున్నాడేమో చూడండి, అది సరిచేస్తే కొందరికి వేరే వైద్యమే అక్కర్లేదు. నోరు తెరుచుకుని గురక పెడుతుంటే ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు చూపించాలి. పగలు కూడా చుక్కలు పడటం, మంట, సన్నటి ధార, నడుము కింద వెన్ను మీద గుంట గానీ జుట్టు కుచ్చు గానీ ఉండటం, ఇవి కనిపిస్తే ముందు పరీక్షలు. అన్నిటికంటే ముఖ్యం, ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లలు మళ్ళీ మొదలుపెట్టడం. రేపు మీ పాప నాలుగేళ్ళకే పొడిగా ఉండి, ఏడేళ్ళకు హఠాత్తుగా తడపడం మొదలుపెట్టిందనుకోండి, "నాన్న పోలికే" అని ఊరుకోవద్దు. దాహం, చిక్కిపోవడం కూడా ఉంటే ఆ రోజే షుగర్ పరీక్ష చేయించాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, మనసుకు తగిలిన దెబ్బ కావచ్చు. పోలికగా వచ్చింది చాలావరకు మీ బాబులా మొదటి నుంచీ ఉంటుంది.

ఇక ఇంట్లో చెప్పడం. చెప్పాలి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీరు భయపడుతున్నది భార్య చిన్నచూపు చూస్తుందేమోనని. కానీ ఆవిడ వైపు నుంచి ఒకసారి చూడండి. మూడేళ్ళుగా, అంటే వాడికి అయిదేళ్ళు దాటినప్పటి నుంచీ, ఆవిడ ప్రతి పొద్దునా తడి దుప్పటి ఉతుకుతూ తన పెంపకంలో ఏ లోపం వల్ల ఇలా అయిందా అని లోపల్లోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారు. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అన్న మాట నాకు మీ మీద ఆరోపణలా వినిపించలేదు, తన మీద పడకుండా అడ్డం పెట్టుకున్న చేయిలా వినిపించింది. సమాధానం తెలిసిన మనిషి పక్కనే కూర్చుని మాట్లాడకపోతే ఆ కోపం ఎటుపోతుంది? పిల్లాడి మీదికి పోతోంది. ఇక్కడ మాత్రం మిమ్మల్ని కాస్త తప్పు పడతాను. జన్యువులు మీ చేతిలో లేవు, మౌనం మీ చేతిలో ఉంది.

పిల్లలు పడుకున్నాక చెప్పండి. పెద్ద ఉపోద్ఘాతం వద్దు. "నాకు పదకొండేళ్ళ దాకా ఇలాగే ఉండేది, సిగ్గేసి నీకెప్పుడూ చెప్పలేదు" అంటే చాలు. ఆ తర్వాత కోప్పడితే కోప్పడనివ్వండి. ఇన్నాళ్ళు దాచినందుకు ఆ మాత్రం పడవచ్చు. వీలైతే మీ అమ్మగారినీ కలపండి. అప్పట్లో ఏం చేసేవారో, ఎలా తగ్గిందో ఆవిడకే బాగా గుర్తుంటుంది. మీ బాబాయో అత్తయ్యో కూడా ఆ జాబితాలో తేలితే ఆశ్చర్యపోకండి.

బాబుకు చెప్పేటప్పుడు ఒక మాట జాగ్రత్త. "నాకూ ఉండేది, నాకు తగ్గింది" అని రెండూ కలిపే చెప్పండి, మొదటిది చెప్పి ఆగిపోవద్దు. "పదకొండేళ్ళకు పోతుందిలే" అని తేదీ ఇవ్వవద్దు, పన్నెండో పుట్టినరోజుకు వాడు మిమ్మల్ని నిలదీస్తాడు. అక్క పెళ్ళిలో ఎవరి పక్క తడిపారో, ఎవరి మీదికి నెట్టారో, అలాంటిదేదైనా మీకు గుర్తుంటే అది చెప్పండి. పిల్లలకు ధైర్యం చెప్పడం కంటే నవ్వించడం తేలిక. చెల్లికి, చుట్టాలకు, టీచర్‌కు చెప్పాలా వద్దా అన్నది మాత్రం వాణ్ణే తేల్చనివ్వండి. మీ రహస్యం పదేళ్ళు మీరు కాపాడుకున్నారు, వాడి రహస్యం మీద వాడికీ అంత హక్కు ఉంది.

పొడి రాత్రికి బహుమతులు పెట్టకండి, నిద్రలో గెలవడం వాడి చేతిలో లేదు. పడుకునే ముందు ఒంటికి వెళ్ళి వచ్చినందుకు, పొద్దున తడి గుడ్డలు తీసుకెళ్ళి బుట్టలో వేసినందుకు మెచ్చుకోండి, అవి వాడి చేతిలో పనులు. ఆ బుట్ట వాడి మంచం దగ్గరే, అందేంత దూరంలో ఉంచండి. మంచం కింద దాచాల్సిన అవసరం పోతుంది.

పక్క మాత్రం ఇవాళ్టి నుంచి మీరే వేయండి, ఇలా: పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, మళ్ళీ రబ్బరు షీటు, మళ్ళీ దుప్పటి. రాత్రి రెండింటికి తడిస్తే పై రెండూ కలిపి ఒక్క లాగు లాగితే కింద పొడి పక్క సిద్ధంగా ఉంటుంది. లైటు కూడా వేయక్కర్లేదు.